వంకాయరంగు కారు ఎడమ తలుపు

ఆ సందు చివరి రేకుల షెడ్డు మంచిది కాదని అందరికీ తెలుసు.

పగలు చూస్తే అందులో ఏ వింతా కనపడదు. తుప్పు పట్టిన షట్టరు, దాని మీద ఎవరో ఎప్పుడో అంటించిన ట్యూషన్ల కాగితం, దాని ముందు కాళ్ళు చాపుకుని పడుకునే ఒక కుక్క. చీకటి పడితే మాత్రం ఆ కుక్క కూడా లేచి ఎదురింటి మెట్ల మీదికి వెళ్ళిపోతుంది.

లోపల ఒక పాత కారు ఉంది. పదకొండేళ్ళుగా కదల్లేదు. చక్రాలు ఊడదీసి చెక్క దిమ్మల మీద నిలబెట్టారు. బ్యాటరీ లేదు, ఇంజను చచ్చిపోయింది. అయినా అర్ధరాత్రి దాటాక ఆ షెడ్డులోంచి కారు తలుపు తీసిన చప్పుడు వస్తుంది...

టక్—

తర్వాత అంతా నిశ్శబ్దం. ఒక మనిషి ఎక్కి, సర్దుకుని కూర్చోడానికి పట్టేంతసేపు... ఆ తర్వాత—

ధబ్.

తలుపు వేసిన చప్పుడు. రోజుకి ఒక్కసారే.

పాలు పోసే ఆయన విన్నాడు. రెండో ఆట చూసి వస్తున్న అన్నదమ్ములు విన్నారు. అప్పట్నుంచి వాళ్ళు మొదటి ఆటకే వెళ్తున్నారు. ఆ షెడ్డున్న ఇంటావిడ ఆ కారులోనే పోయిందట. గుండెనొప్పి వచ్చి, ఎడమ సీట్లో కూర్చుని ఆసుపత్రికి వెళ్తూ, దారిలోనే. అందుకే రోజూ వచ్చి ఎక్కి కూర్చుంటోందని సందులో వాళ్ళు తేల్చేశారు.

ఇదంతా నాకు చెప్పింది మా బాబాయి. అంటే మా పిన్ని మొగుడు. నేను దెయ్యాల్ని నమ్మను, బాబాయి మాటల్ని సగమే నమ్ముతాను. కానీ ఈ కథ చెబుతూ చెబుతూ ఆయన రెండుసార్లు ఆగిపోయి, ఖాళీ గ్లాసెత్తి లేని నీళ్ళు తాగాడు. అందుకని మీకు చెబుతున్నాను.

బాబాయిది పాత కార్ల రంగు బాగుచేసే పని. కొత్త రంగు కొట్టడం కాదు, అది ఎవరైనా కొడతారంటాడు. ఎండకీ దుమ్ముకీ చచ్చి సుద్దలా తేలిపోయిన పాత రంగునే రుద్ది రుద్ది, అడుగున ఇంకా బతికున్న పొరని పైకి తేవడం ఆయన పని. యంత్రం వాడడు. పాత రంగు పల్చగా ఉంటుంది, ఎక్కడ ఆగాలో యంత్రానికి తెలియదు, వేలికి తెలుస్తుంది అంటాడు. ఆయన పని ముగించాక ఆ కారులో చూసుకుని తల దువ్వుకోవచ్చు. అందుకే ఆయన్ని అందరూ అద్దం మేస్త్రీ అంటారు.

ఆయనకి ఒక నియమం ఉంది. కారు మీద చెయ్యి వేసే ముందు వాచీ, ఉంగరం, బెల్టు తీసి జేబురుమాల్లో మూటగట్టి సంచి అడుగున పడేస్తాడు. వాటిలో ఏది తగిలినా గీత పడుతుంది మరి. "ముప్ఫై ఏళ్ళలో ఏ కారు మీదా నా చేత్తో ఒక్క గీత పడలేదు" అని నాకు వందసార్లయినా చెప్పుంటాడు. బెల్టు తీసేసి ఒక చేత్తో పాంటు పట్టుకుని ఇంకో చేత్తో రుద్దుతాడని మా పిన్ని వెక్కిరిస్తుంది.

ఆ బాబాయి దగ్గరికి ఒకరోజు ఆ షెడ్డు తాలూకు ఇంటి కూతురు వచ్చింది. మందుల షాపులో పనిచేస్తుందట. వాళ్ళ నాన్నకి చూపు పోతోంది. నరం దెబ్బతింది, ఆపరేషన్ వల్ల లాభం లేదని డాక్టరు చెప్పేశాడు. మహా అయితే ఇంకో నెల కనపడుతుంది, అదీ మసక మసకగా.

"ఆ కారంటే నాన్నకి ప్రాణం మేస్త్రీగారూ. రోజూ పొద్దున్నే తనే తుడుచుకునేవాడు, మమ్మల్ని కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు. అమ్మ పోయాక ఆ వంక చూడటం మానేశాడు. కళ్ళు పోకముందు... ఒక్కసారి ఆ రంగు చూపించాలి."

బాబాయి వెళ్ళి చూశాడు. కారు నిండా బూడిద పూసినట్టుంది. ఒక గుడ్డ తడిపి బానెట్ మీద ఇలా లాగాడు. తడి తగిలినంత మేరా లోపలి రంగు పైకి లేచింది — ముదురు వంకాయరంగు, అప్పుడే కోసుకొచ్చిన కాయలా. కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. అంతలోనే తడి ఆరిపోయింది. రంగు మళ్ళీ సుద్దలోకి వెళ్ళిపోయింది.

"ఇదే మేస్త్రీగారూ... ఇదే చూపించాలి."

అప్పుడే బాబాయి ఒకటి గమనించాడు. కారంతా సుద్దలా ఉంది కానీ ఎడమ తలుపు పిడి కింద, అరచెయ్యంత మేర మాత్రం నిగనిగలాడుతోంది... ఎవరో రోజూ చేత్తో రుద్దుతున్నట్టు.

పదకొండేళ్ళుగా ఎవరూ ముట్టని కారు కదా. ఆయనకి ఒళ్ళు జలదరించింది.

పెద్దాయన వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. నల్లకళ్ళద్దాలు, ఒళ్ళో ముడుచుకున్న చేతులు. కూతురు విషయం చెబితే సరే అన్నట్టు తలూపాడు. తర్వాత మెల్లగా అడిగాడు—

"రంగొక్కటేనా మేస్త్రీ... గీతలు కూడా పోతాయా?"

బాబాయికి రోషం వచ్చింది. "ఒక్క గీత మిగిల్తే నా పేరు మార్చుకుంటాను సార్!"

పెద్దాయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. తనని నమ్మలేదేమో అనుకున్నాడు బాబాయి. చేసి చూపిద్దాం అనుకున్నాడు.

పని సాయంత్రాలే చెయ్యాలి. పగలు రేకుల కింద కారు పెనంలా కాలుతుంది, పాలిష్ ముద్ద రాసీ రాయకముందే ఎండి అట్టకడుతుంది. ఇనుము చల్లారాక మొదలుపెడితే పనయ్యేసరికి రాత్రి పది. కూతురు వచ్చి షట్టరు దించి తాళం వేసుకునేది. బాబాయి ఆ సందులోంచి వెనక్కి చూడకుండా నడిచి వచ్చేసేవాడు.

మొదటి రోజు పైకప్పు. రెండో రోజు బానెట్, వెనక డిక్కీ. రోజూ వెళ్ళేటప్పుడు పెద్దాయన అడిగేవాడు, "ఎంతవరకూ వచ్చింది?" అని. బాబాయి చెప్పేవాడు. ఎడమ పక్క ఇంకా మొదలుపెట్టలేదంటే ఆయన ఊపిరి వదిలేవాడు. కళ్ళు పోయేలోపు పనవుతుందో లేదోనని ముసలాయన ఆత్రం కాబోలు అనుకున్నాడు మా బాబాయి.

మూడో రోజు సగం దారి వచ్చాక కళ్ళద్దాలు షెడ్డులో మర్చిపోయానని గుర్తొచ్చింది. అవి లేకపోతే మర్నాడు పొద్దున్న ఇంకో చోట పని లేదు. తిట్టుకుంటూ వెనక్కి వెళ్ళాడు. దారిలో తెలిసినాయన తగిలి మాటల్లో పెట్టేసరికి బాగా పొద్దుపోయింది. సందులో దీపం లేదు. కుక్క ఎదురింటి మెట్ల మీద ఉంది. షట్టరుకి తాళం వేసే ఉంది. కూతుర్ని పిలుద్దామని నోరు తెరవబోయాడు—

లోపల్నుంచి...

టక్.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. ఒకటి... రెండు... మూడు...

ధబ్.

కళ్ళద్దాలూ వద్దు, ఏమీ వద్దని ఒకటే పరుగు. వాన వస్తుందేమోనని పరిగెత్తుకొచ్చానని పిన్నితో చెప్పాడట. ఆకాశంలో మబ్బుతునక లేదని పిన్ని ఇప్పటికీ గుర్తుచేస్తుంది.

నాలుగో రోజు మానేద్దామనుకున్నాడు. కానీ ముప్పావు వంతు మెరుస్తున్న కారుని అలా వదిలేస్తే ఆయనకి అన్నం సహించదు. ఆ పెద్దాయన చూపు కూడా గుర్తొచ్చింది. దెయ్యం ఉంటే ఉంది, రాత్రి కదా వస్తుంది, ఈలోపు ముగిద్దామని ఎండ తగ్గీతగ్గకముందే వెళ్ళాడు.

చివరికి మిగిలింది ఎడమ తలుపు.

పిడి కింద నిగనిగలాడే చోట లైటు వేసి చూశాడు. సన్నటి గీతలు... ఒకటీ రెండూ కాదు, డజన్లకొద్దీ. అన్నీ ఒకే వాలులో, విసనకర్ర విప్పినట్టు. ఉంగరం గీతలే. పిడి పట్టుకుని తలుపు లాగే ప్రతిసారీ వేలి ఉంగరం రాసుకుని పడతాయి. పాత కార్లన్నిటికీ ఉంటాయి గానీ ఇన్ని ఎక్కడా చూడలేదట. కొన్ని మరీ లోతుగా ఉన్నాయి. రంగు అడుగున పూసే ఎర్రటి అస్తరు పొర బయటపడటం ఒకటే తక్కువ.

ఆ అరచెయ్యంత చోటుకి రెండు గంటలు పట్టింది. గుడ్డ కూడా వదిలేసి ఉత్త బొటనవేలితో రుద్దాడు. రంగు తెగకుండా, గీత మిగలకుండా. మళ్ళీ లైటు వేసి అటునుంచీ ఇటునుంచీ చూశాడు. ఒక్కటంటే ఒక్కటి లేదు. తన ముఖం కనపడింది. ముప్ఫై ఏళ్ళలో అంత మంచి పని చెయ్యలేదని ఆ క్షణాన అనుకున్నానని చెప్పి, బాబాయి మొదటిసారి ఆగిపోయి ఖాళీ గ్లాసెత్తాడు.

చివరి మైనం పూత వేస్తుండగా వాన మొదలైంది. నిజం వానే ఈసారి. రేకుల్లోంచి అక్కడా ఇక్కడా చుక్కలు పడుతున్నాయి. పచ్చి మైనం మీద చుక్క పడితే తెల్లటి మచ్చ కడుతుంది. తెల్లారితే పెద్దాయనకి చూపించాలి.

"ఇంట్లోకొచ్చి పడుకోండి మేస్త్రీగారూ" అంది కూతురు.

"లేదమ్మా, చుక్కలు పడకుండా కాపలా ఉండాలి" అన్నాడు. అనేశాక నాలుక కొరుక్కున్నాడు. కానీ మాట బయటికొచ్చేసింది.

కాసేపటికి కరెంటు పోయింది. వాన తగ్గి, రేకుల మీంచి నీళ్ళు కారే చప్పుడే మిగిలింది. బాబాయి టార్చి ఆర్పేసి ఓ మూల గోనెసంచి మీద ముడుచుకుని కూర్చున్నాడు. ఎంతసేపైందో తెలీదు. కునుకు పట్టబోతుండగా—

వెనక ఎక్కడో గొళ్ళెం తీసిన చప్పుడు.

ఇంట్లోంచి షెడ్డులోకి ఒక చిన్న తలుపుందని, అది ఎప్పుడూ మూసే ఉంటుందని ఆయనకి తెలుసు. అది కిర్రుమంది...

అడుగులు.

దీపం లేదు. టార్చి లేదు. చెయ్యి కళ్ళముందు పెట్టుకుంటే కనపడని చీకటి. అయినా ఆ అడుగులు తడబడలేదు. డబ్బాల్నీ దిమ్మల్నీ తప్పించుకుంటూ తిన్నగా వస్తున్నాయి. ఆ వచ్చేదానికి వెలుతురు అక్కర్లేదు...

కారు మీద వేళ్ళు పాకుతున్న చప్పుడు. డిక్కీ... వెనక రెక్క... ఎడమ తలుపు. ఆగాయి.

ఇప్పుడు టక్ అంటుందని బాబాయి పళ్ళు బిగబట్టుకున్నాడు. అనలేదు.

వేళ్ళు వెతుకుతున్నాయి. ఒకేచోట... పైకి, కిందికి. గోటితో తడుముతున్నాయి. వేగంగా, ఇంకా వేగంగా. ఒక్కసారిగా ఆగిపోయాయి. చీకట్లో చిన్న గొంతు—

"ఏదీ... ఎక్కడికి పోయాయి?"

బాబాయి టార్చి నొక్కాడు.

పెద్దాయన. చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకుని, వట్టికాళ్ళతో, రెండు అరచేతులూ తలుపుకి ఆనించి నిలబడి ఉన్నాడు. మొహమంతా తడి. అది వాన తడి కాదు.

"ఎవరది?"

"నేను సార్... మేస్త్రీని."

"ఇక్కడ గీతలుండాలి మేస్త్రీ."

"తీసేశాను సార్."

"అన్నీనా?"

"అన్నీ... సార్."

పెద్దాయన మెల్లగా కిందికి జారి తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. తనలో తను చెప్పుకుంటున్నట్టు చెప్పాడు.

"అవి మా ఆవిడవి. ఒక్కరోజు కూడా నేను దిగి తలుపు తియ్యలేదు మేస్త్రీ. ఎక్కి కూర్చుని హారన్ కొట్టేవాణ్ణి. అది చేతుల నిండా సంచుల్తో పరిగెత్తుకొచ్చి, తనే లాక్కుని ఎక్కేది. ఎక్కగానే తిట్టేవాణ్ణి. ఉంగరం తీసి తలుపు తియ్యమని ఎన్నిసార్లు చెప్పాలి, రంగంతా గీరేస్తున్నావు అని. ఎన్నేళ్ళు తిట్టానో..."

బాబాయి టార్చి నేలవైపు తిప్పాడు.

"ఆఖరి రోజు... నొప్పితో వంగిపోయింది. ఊపిరాడటం లేదు. అప్పుడు కూడా నేను స్టీరింగ్ ముందే కూర్చుని ఉన్నాను. త్వరగా ఎక్కమన్నాను. అది నా వంక చూసి... ఉంగరం తీసి పిడికిట్లో పెట్టుకుని, ఆ తర్వాత తలుపు తీసింది."

వాన నీళ్ళు ఒక్కో చుక్కా కారుతున్నాయి.

"ఆసుపత్రిలో పిడికిలి విప్పితే అందులోనే ఉంది ఉంగరం. అప్పట్నుంచి రోజూ వచ్చి తలుపు తీస్తాను. ఎక్కేంతసేపు ఆగి, వేస్తాను. కళ్ళు సరిగ్గా లేకపోయినా ఏ గీత ఎక్కడుందో నా వేళ్ళకి తెలుసు."

"ఒక్క మాట చెప్పుంటే సార్... ఒక్క మాట..."

"ఏ మొహంతో చెప్పను? వాటికోసం వాళ్ళమ్మని జీవితాంతం తిట్టాను, ఇప్పుడు అవే కావాలని కూతురికి చెప్పనా? పాపం, నా కోసమే కదా అది ఈ పని పెట్టుకుంది."

లేచి నిలబడ్డాడు. ఇంకోసారి పిడి కింద వేళ్ళు ఆనించాడు.

"కొత్తదానిలా ఉంది. నువ్వు పనిమంతుడివే మేస్త్రీ." చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇది... ఆవిడ ఇంకా ఎక్కని కారు."

తలుపు తియ్యకుండానే వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఆ షెడ్డులో టక్ అన్న చప్పుడు రాలేదు.

ఇక్కడ బాబాయి రెండోసారి ఆగాడు.

తెల్లారింది. కూతురు షట్టరు ఎత్తింది. ఎండ తిన్నగా వచ్చి కారు మీద పడింది. ఆ రంగు అలా ఉంటుందని బాబాయి కూడా అనుకోలేదట. చెయ్యి పట్టుకుని నాన్నని తీసుకొచ్చింది కూతురు. ఆయన నల్లకళ్ళద్దాలు తీసి, కళ్ళు చికిలించి, కారు మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"అదే రంగు అమ్మాయీ... అదే."

కూతురు ఏడుస్తూ నవ్వింది. పెద్దాయన చెయ్యి ఆమెదాకా వెళ్ళి, తలమీద ఒకసారి ఆని, అలవాటు కొద్దీ ఎడమ తలుపు దగ్గరికి వెళ్ళింది. పిడి కిందికి వెళ్ళింది.

ఆగింది.

వేలు వెనక్కి వచ్చింది. మళ్ళీ మెల్లగా ముందుకి వెళ్ళింది. అక్కడ ఒకటి ఉంది. సన్నగా, ఏటవాలుగా, బియ్యపుగింజంత పొడుగు.

"అయ్యో మేస్త్రీగారూ, ఇక్కడ గీత పడిందే!" అంది కూతురు.

"ఉండనీ అమ్మాయీ" అన్నాడు పెద్దాయన. "మనుషులెక్కే కారు." మొహం బాబాయి వైపు తిప్పాడు. "దీన్ని రుద్దకు మేస్త్రీ."

"రుద్దను సార్."

పెద్దాయన తలుపు తీశాడు. టక్. పట్టపగలు, అందరి ముందూ. తలుపు పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. ఆ తర్వాత నెమ్మదిగా వేశాడు.

నెల తిరిగేసరికి ఆయన చూపు పూర్తిగా పోయింది. రోజూ షెడ్డులోకి వెళ్ళొస్తూనే ఉన్నాడట. సందులో వాళ్ళకి ఇప్పటికీ అది దెయ్యమే.

అంతా విన్నాక నేనడిగాను, "ఇంతకీ ఆ గీత ఎలా వచ్చింది బాబాయ్?"

"నాకేం తెలుసురా. రాత్రి నేనే లైటు వేసి చూశాను, ఒక్కటి లేదు. పెద్దాయన చేతికి ఉంగరం లేదు. నాది రుమాల్లో మూటగట్టి సంచిలో ఉంది. ఆయన వెళ్ళాక తెల్లారేదాకా నేను కన్ను మూయలేదు. ఎవరూ రాలేదు." గ్లాసు కింద పెట్టాడు. "ముప్ఫై ఏళ్ళలో నా చేత్తో ఒక్క గీత పడలేదని నీకు తెలుసుగా."

నిజం చెప్పొద్దూ, నా వెన్ను చల్లబడింది. బాబాయి లేచి పడుకోడానికి వెళ్ళిపోయాడు.

అప్పుడు పిన్ని వంటింట్లోంచి వచ్చింది. మా మాటలేవీ ఆమె వినలేదు. చేతిలో బాబాయి ఉంగరం ఉంది.

"చూడరా, దీని రాయి కింద ఏదో వంకాయరంగు ఇరుక్కుంది. సబ్బుపెట్టి తోముదామంటే తోమనివ్వడు, చేతిలోంచి లాక్కుంటాడు" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "అదొక్కటే కాదు. ఈమధ్య బయటికి బయల్దేరితే చాలు, నాకంటే ముందు వెళ్ళి తలుపు తీసి పట్టుకుని నిలబడుతున్నాడు. నేను గుమ్మం దాటేదాకా కదలడు. ఇన్నేళ్ళలో ఎప్పుడైనా చేశాడా ఇలాగ? ఏమైందిరా మీ బాబాయికి?"